స్టీరింగ్ వదిలేసే బాలామణి పిన్ని

బాలామణి పిన్నికి స్టీరింగ్ కనబడితే చెయ్యి ఆగదు. జగ్గయ్యపేటలో ఆవిడది టైర్ల కొట్టు. దార్లో ఏ కారాగినా సరే, కిటికీలోంచి చెయ్యి దూర్చి స్టీరింగ్ తిప్పేస్తుంది. లోపలున్నది కొత్త పెళ్లికొడుకైనా చూడదు.

ఓసారి నందిగామ కోర్టు ముందు కారులో కూర్చున్న ఓ లాయరుగారి మీదుగానే చెయ్యి దూర్చింది.

"ఎవరమ్మా నువ్వు?"

"ముందు టైర్లలో గాలి తక్కువండి. స్టీరింగ్ మొరాయిస్తోంది."

"నేనొచ్చింది గాలికి కాదు, వాయిదాకి!"

పవర్ స్టీరింగంటే ఆవిడకి గిట్టదు. "దుప్పటి కప్పి చెయ్యి పట్టుకున్నట్టుంటుంది. రోడ్డేమంటోందో తెలియొద్దూ?" అంటుంది. తన పాత కారులో మలుపు తిరగ్గానే స్టీరింగ్ వదిలేస్తుంది. నేను కెవ్వుమంటా. స్టీరింగ్ దానంతటదే గిర్రున తిన్నగా వచ్చేస్తుంది.

"చక్రాన్ని సైకిల్ ఫోర్కులా కాస్త వాల్చి బిగిస్తారే. టైరు రోడ్డుని పట్టుకుని తనే తిన్నబడుతుంది. ఆ పట్టు పోతుంటే స్టీరింగ్ తేలికైపోతుంది. అరిస్తే అప్పుడరువు!"

మొన్న మిరప కోతలప్పుడు కూలీల మేస్త్రీ వీరేంద్ర వ్యాన్ గాలి కోసం కొట్టు ముందాగింది. వెనక ఆడకూలీలు కిక్కిరిసి ఉన్నారు, దించిన తలుపు చెక్క మీద కూడా. పశువుల్ని అలా ఎక్కిస్తే కేసు పెడతారు. కూలీలు కదా, ఎవరికీ కనబడరు. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కి, సిమెంటు లారీల మధ్య పోవాలి వాళ్లు.

పిన్ని వీరేంద్రని పక్కకి జరిపి, వ్యాన్ని మెల్లగా వీధి చివరికి నడిపి, మలుపులో స్టీరింగ్ వదిలింది. అది తిరిగి రాలేదు.

"తేలిపోతోందయ్యా! బరువంతా వెనకే. ముందు చక్రాలు నేలని పట్టుకోట్లేదు."

"రోజూ ఇలాగే పోతున్నాం షావుకారమ్మా!"

"రోజూ నా చేతికి దొరకలేదుగా. సగం మందిని దింపి ఇంకో బండి పిలువు."

తాళం తీసి బొడ్లో దోపుకుంది. వీరేంద్ర తల బాదుకున్నాడు. ఈవిడకి పిచ్చి ముదిరిందని బజారంతా నవ్వింది. చివరికి రెండో బండి రాక తప్పలేదు.

"నిజంగా అంత తేలికైపోయిందా పిన్నీ?" అన్నా.

"అయిందే. అయినా అంతమంది వేలాడుతుంటే చెయ్యి పెట్టి చూడాలా? కళ్లు లేవూ?"

"మరి ఆ మాటే అనొచ్చుగా?"

"అంటే, కూలీల్లో ఎవరు చాడీ చెప్పారని ఆరా తీస్తాడు. కిందటేడు వాళ్లలో పున్నమ్మ ఇంకో బండి అడిగితే పనిలోంచే తీసేశాడు. మళ్లీ పనిలో చేరడానికి ఎంత బతిమాలుకుందో! కూలి మనిషి అడిగితే పొగరంటారు, నేనడిగితే పిచ్చంటారు. పొగరుకి పని పోతుంది. పిచ్చికేం పోతుందే?"

పిన్ని కొట్టు దాటకుండా హైవేకి దారి లేదు మరి. మర్నాడు రెండు బళ్లొచ్చాయి. కిటికీ పక్కన కాళ్లు చాపుకుని కూర్చున్న పున్నమ్మ విసుక్కుంది.

"ఏం చేశావమ్మా! పొలందాకా పక్కదాని భుజం మీద పడి నిద్రపోయేదాన్ని. ఇప్పుడు ఆనుకుందామంటే మనిషే అందట్లేదు!"