కిటికీ మీద బూడిద

థర్మల్ విద్యుత్ కేంద్రం కంట్రోల్ రూమ్ కిటికీలు తుడిచే పెద్దమ్మ ముప్పై ఏళ్లలో ముగ్గురు యజమానులను చూసింది. గేటు మీద పేర్లు మారినా గాజు మీద బూడిద మారలేదు. రాత్రంతా మంచులా వాలేది, పొద్దున్నే ఆమె కలలో నడుస్తున్నట్టు తుడుచుకుంటూ పోయేది. నాలుగో యజమాని వచ్చి బూడిదను పొగగొట్టంలోనే ఆపేసే యంత్రాలు పెట్టించాడు. ఒకరోజు కొత్త మేనేజరు కిటికీ గట్టు మీద వేలు రుద్ది చూసుకున్నాడు.

"బూడిదే లేదు. ఇంక నీకేం పని పెద్దమ్మా?"

"నేను తుడిచాక ఎక్కడుంటుంది నాయనా? రేపు నాకంటే ముందొచ్చి చూడు."

ఆ సాయంత్రం ఆమె మూలనున్న పాత డబ్బా మూత తీసి, దాచుకున్న బూడిదను గట్టు పొడవునా నెమ్మదిగా రాల్చింది. మర్నాడు మేనేజరు వేలు రుద్దాడు, చూశాడు, బయటి తేట ఆకాశాన్నీ చూశాడు.

"రేపట్నుంచి కాస్త తక్కువ పడేట్టు చూడు పెద్దమ్మా. నాకు తుమ్ములొస్తున్నాయి."