కాళ్ళొచ్చిన రాయి

డాన్ ఎవరిస్తోకి ఉన్న జబ్బు ఒకటే. మా ఊరు ఎక్కడ పుట్టిందో ఏటా మారుస్తాడు.

మూడొందల ఏళ్ళ కిందట కెప్టెన్ బెల్త్రాన్ ఓడ దిగి, మా బోకా సెరెనా ఒడ్డున కాలుపెట్టిన చోట ఒక రాయి ఉండాలి. రాయైతే ఉంది. ఒక్కచోట ఉండదు, అంతే. ఏటా పండగకి ముందు ఎవరిస్తో దాన్ని గాడిద మీదికెక్కించి, కొత్త ఆధారం దొరికిందంటూ ఊరి మీద పడతాడు. బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి, ఊరంతా గౌరవంగా 'డాన్' అని పిలిచే పెద్దాయన, కాదనే ధైర్యం ఎవరికుంది? ఒక ఏడు లైట్‌హౌస్ కింద, ఇంకో ఏడు ఉప్పుమళ్ళ దగ్గర, మరో ఏడు కబేళా వెనకాల. ఊరి చిహ్నంలో పెలికాన్ పక్షి పక్కనున్న బొమ్మ కూడా రాయితోపాటే మారాలి. కబేళా ఏడు ఏం వేయాలో తోచక పెయింటరు ఆవు తల వేశాడు. పెలికాన్ దాన్ని చూసి హడలిపోయినట్టుండేది.

అందరికంటే అవస్థ మేయరుది. ఊరి పుట్టినరోజున ఆయన తెల్ల బూట్లేసుకుని, జెండా మోసుకుంటూ రాయిదాకా నడవాలి. బూట్లకి బురదంటిందా, ఆ ఏడు చేపలు పడవని జాలర్ల నమ్మకం. చేపలు పడకపోతే ఓట్లూ పడవు.

తర్వాతి అవస్థ నాది. పండగకి గుడ్డు పెట్టి వేయించిన మొక్కజొన్న రొట్టెలు అమ్ముతాను. రాయి ఎక్కడుంటే పొయ్యి అక్కడికి మోయాలి. ఆ కెప్టెన్ ఒక్కచోట దిగి చావకూడదా అని దులిపేస్తే, "నిలకడ లేని మనిషి, ఒర్తెన్సియా" అంటూ ఎవరిస్తో సందు మలుపు తిరిగేసేవాడు. తనకేదో నిలకడ ఉన్నట్టు! కాఫీ ఇస్తే కూర్చోడు. నడుస్తూ తాగి, కప్పు ఏ గోడ మీదో వదిలేస్తాడు. నా కప్పులు సగం ఊరి గోడల మీదే ఉన్నాయి.

అందుకే పోయినేడు మేయరు ఆ రాయిని చర్చి ముందు సిమెంటు పోసి పాతేస్తానంటే, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

మర్నాడు పొద్దున్నే పొట్టదాకా బురదతో గాడిద మా వాకిట్లో ఆగింది. మాది వాగుకి అవతల, మడ చెట్ల పేట. వంతెన లేదు. వానలొస్తే పడవే గతి.

"కెప్టెన్ ఇక్కడే దిగాడు" అన్నాడు ఎవరిస్తో.

"ఈ రొచ్చులోనా? మతిగాని పోయిందా డాన్?"

ఆయన మా అరుగు మీద కూర్చున్నాడు. అవును, కూర్చున్నాడు. "మీ యాదిరాకి ఎన్నో నెల?"

"ఆరు."

"అయితే నొప్పులొచ్చేసరికి వానలు."

అంతకుముందు వానల్లో పక్కింటి దెల్ఫీనా పడవలోనే కనింది. తల్లీబిడ్డా బతకడమే గొప్ప. నా కూతురికీ అదే గతి పడుతుందేమోనని నాకు కంటి మీద కునుకు లేదు. అప్పుడు వెలిగింది నా బుర్ర. లైట్‌హౌస్‌కి, ఉప్పుమళ్ళకి, కబేళా వెనక గుడిసెలకి రోడ్డు పడింది రాయి వెళ్ళిన ఏడే. అంతా ఆ తెల్ల బూట్ల పుణ్యం.

ఊరి సభలో మేయరు ఆధారం చూపించమన్నాడు. ఎవరిస్తో గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. నేను లేచాను.

"మా ముత్తవ్వ చెప్పేది. కెప్టెన్ మా వాకిట్లోనే దిగి, బురదలో బూటు పోగొట్టుకున్నాడు."

మా పేట పేటంతా లేచి, మా అవ్వా అదే చెప్పిందంది. బూటు రంగు దగ్గరే ఒక్కొక్క అవ్వ ఒక్కొక్కటి చెప్పింది. మేయరు తన పాదాల వంక దిగులుగా చూసుకున్నాడు.

పండగ ముందురోజుకి చెక్క వంతెన లేచింది. వానల్లో యాదిరా దాని మీదుగానే ఆస్పత్రికెళ్ళి ఆడపిల్లని ఎత్తుకొచ్చింది. చిహ్నంలో ఆవు తల పోయి బూటొచ్చింది. పెలికాన్ కాస్త కుదుటపడింది.

పాపని చూడ్డానికొచ్చినప్పుడు ఎవరిస్తోకి కాఫీ ఇచ్చి, ఇప్పుడైనా నిజం చెప్పమన్నాను. కెప్టెన్ అసలెక్కడ దిగాడు?

"దిగలేదు. జ్వరమొచ్చి ఓడలోనే పడుకున్నాడు. వంటవాణ్ణి పంపాడు."

అంటూనే బయటికి నడిచాడు, కప్పుతో సహా. చూపు కొండ మీది గుడిసెల వైపుంది. అక్కడికింకా దారి లేదు.

"ఓడ కొండెక్కుతుందా డాన్?"

"ఆ ఏడు వరద పెద్దదే" అని గాడిదని విప్పాడు.

నేను లోపలికెళ్ళి పొయ్యి సర్దుకున్నాను.