కుక్క కొరికిన ఎర్ర కారు

సీట్ల మేస్త్రి ఏ కారైనా ఎలా నడుస్తుందని అడిగేవాడు కాదు, ఎలా కూర్చోబెడుతుందని అడిగేవాడు. నలభై ఏళ్లు ఊళ్లో కార్లకు సీట్లు కుట్టిన మనిషి. తలుపు తీసి డ్రైవరు సీటు మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, ఆ బండి యజమాని గుట్టంతా చెప్పేసేవాడు. సీటు ఒక పక్కకి కుంగితే వెనక జేబులో లావుపాటి పర్సు పెట్టుకునే మనిషి. తలుపు వైపు అంచు అరిగితే ఇంటికి చేరడానికి తొందరపడే మనిషి. పక్క సీటు కొత్తదిలా మెరుస్తుంటే, "పాపం, ఈయనకి తోడు లేదర్రా" అనేవాడు. ఒక లెక్కల మాస్టారి కారు చూసి ఇలాగే అంటే, ఆయనకి రోషం వచ్చి మూడు నెలల్లో పెళ్లి చేసుకుని, పక్క సీటులో స్పాంజి పెంచమని వచ్చాడని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా మేస్త్రే అనుకోండి.

ఆయన గొప్పంతా కుడిచేతి బొటనవేలిలో ఉండేది. మిగతావాళ్లలా సుద్దతో గీత గీసుకుని కుట్టడం ఆయనకు నామోషీ. "గీత చూసి కుట్టడమంటే పక్కవాడి పలక చూసి రాయడమే" అనేవాడు. మిషను సూదికి ముందు ఆయన బొటనవేలు నడిచేది, వేలి వెనకాలే సూది నడిచేది. పందెం కాసి, కళ్లకు గంతలు కట్టుకుని, బస్సు నిండా సీట్లు కుట్టాడని ఒక కథ ఉంది. మొదట్లో అది స్కూటరు సీటు. చెప్పగా చెప్పగా ఏడాదికింత పెరిగి, ఆయనకు యాభై నిండేసరికి బస్సయింది.

అలాంటి వేలు కిందటేడు మొద్దుబారింది. ఉన్నట్టుండి కాదు, కొంచెం కొంచెంగా. పళ్ల డాక్టరుగారి కారుకి వెనక సీటు కుడుతున్నప్పుడు కుట్టు బియ్యపుగింజంత పక్కకి జరిగింది. డాక్టరుగారికి అది కనపడలేదు. "అద్దంలా ఉంది మేస్త్రీ" అని మెచ్చుకుని తీసుకెళ్లాడు. మేస్త్రికి మాత్రం ఆ గింజంత వంకర కంట్లో నలుసై కూర్చుంది. మర్నాడు మిషను మీద పాత దుప్పటి కప్పేశాడు.

"నలభై ఏళ్లు జనాన్ని కూర్చోబెట్టాను. ఇక నేను కూర్చుంటా," అని అందరికీ చెప్పాడు. అందరూ నవ్వారు. బాగా చెప్పిన మాట వెనక ఏముందని ఎవరు వెతుకుతారు? భార్యకూ అదే చెప్పాడు. అసలు సంగతి ఆయనకూ ఆయన వేలికీ మధ్యే ఉందనుకున్నాడు.

కూర్చోవడమంటే ఎక్కడ పడితే అక్కడ కాదు. రెండు తలుపుల స్పోర్ట్స్ కారులో. ఆ పిచ్చి ఈనాటిది కాదు. నేలకి బెత్తెడెత్తులో, పరుగుకి ముందు ఒళ్లు సాచిన పిల్లిలా ఉండే ఆ కార్లు షెడ్డుకి ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. వచ్చిన రోజు షెడ్డు వాసనే మారిపోయేది. జిగురు, స్పాంజి, ఎండకి వేడెక్కిన రెక్సిను, వాటి మీదుగా ఆ కారు లోపలి తోలు వాసన. సీటు కుట్టడం అయ్యాక మేస్త్రి అందులో కూర్చుని, స్టీరింగు పట్టుకుని, కదలని కారులో అద్దంలోంచి షెడ్డు గోడని చూసేవాడు. ఆ గోడకి వేలాడే కత్తెరలూ, తోలు చుట్టలూ రోడ్డు పక్క చెట్లయిపోయేవి.

ఒక్కసారి మాత్రం నిజంగా నడిపాడు. పెళ్లయి మూడు వారాలు. ఎవరో పసుప్పచ్చ కారు వదిలి వెళ్లారు. "స్ప్రింగులు పరుగులో చూస్తేగానీ తెలీవు," అని అప్పటి షెడ్డు యజమానికి నచ్చజెప్పి, బండి బయటికి తీసి, వీధి చివర కొత్త పెళ్లికూతుర్ని ఎక్కించుకున్నాడు. ఎక్కే కంగారులో ఆవిడ జడ తలుపులో పడింది. జడ బయటే పెట్టుకుని ఆవిడ అరమైలు వెళ్లింది, ఆపమని చెప్పడానికి సిగ్గుపడి. కొత్తగా కుట్టిన సీటు కిర్రుమంటోంది, కిటికీలోంచి గాలి మొహాన కొడుతోంది, ఆవిడ ఒక చేత్తో జడ లాక్కుంటూ నవ్వు ఆపుకోలేకపోతోంది. మేస్త్రి చెప్పే కథలో ఆ కారు సముద్రం దాకా వెళ్లొచ్చింది, వెనకాల పోలీసులు కూడా పడ్డారు.

"వంతెన దాకా," అంటుంది ఆవిడ, ఆయన ఎన్నిసార్లు చెప్పినా. "అది కూడా సగం. పెట్రోలు అయిపోతుందని నువ్వే తిప్పేశావు."

షెడ్డు పనికి వాడిన పాత వ్యాను అమ్మిన డబ్బుకి తన పొదుపు కలిపి ఆవిడే లెక్క ఖాయం చేసింది. "నాలుగు లక్షలు. కారు, కాయితాలు, రిపేర్లు, నీ సరదా, అన్నీ అందులోనే. ఆపైన పైసా అడిగితే ఆ కారులోనే కాపురం పెట్టుకో."

ఆ డబ్బుకి సెకండ్‌హ్యాండ్ కార్ల షాపులో రెండే దొరికాయి. ఒకటి వెండి రంగుది, రెండోది ఎర్రది. మేస్త్రి తన బావమరిదిని వెంటబెట్టుకెళ్లాడు. అతను ఇంజన్ల మెకానిక్కు, చెవితో రోగం కనిపెట్టే రకం. బానెట్ మీద చెవి ఆనించి కళ్లు మూసుకుంటే పూనకం వచ్చినవాడిలా ఉంటాడు. ఎర్ర కారు దగ్గర అలాగే కళ్లు మూసుకున్నాడు.

"బావా, ఇటు రా. ఈ చప్పుడు విను. సన్నమంట మీద పాలు కాగుతున్నట్టు లేదూ?"

"పాలు కాగితే నాకేంట్రా, కూర్చునేదెక్కడ? లోపల చూశావా, యుద్ధం జరిగినట్టుంది," అన్నాడు మేస్త్రి. నిజమే. రెండు సీట్లూ చీలికలు పేలికలై, స్పాంజి పొట్టు కాళ్ల దగ్గర గుట్టగా పడి ఉంది.

"కుక్కండీ," అన్నాడు షాపువాడు నసుగుతూ. "పాత ఓనరుగారు దాన్ని కారులో పెట్టి, అద్దం కాస్త దించి, బ్యాంకులోకి వెళ్లారట."

"కుక్కా, పులా? ఇంకాసేపుంటే గేరు రాడ్డు కూడా నమిలేసేది." మేస్త్రి వెండి కారులో కూర్చుని సీటు నిమిరాడు. "ఇదిరా కారంటే. ఈ కుట్టు చూడు. అంగుళానికి ఏడు. ఎక్కడా ఒక్కటి తప్పలేదు."

"ఆ పొగ కూడా చూడు. ఇటుకబట్టీకి అద్దెకివ్వొచ్చు. రింగులు పోయాయి బావా, ఇంజను దించాలి."

"నువ్వున్నావుగా దించడానికి."

"నేనున్నాను, నా నడుమే లేదు. నీళ్ల బిందె ఎత్తొద్దన్నాడు డాక్టరు, ఇంజనెత్తమంటావా? బయటిస్తే లక్ష పైమాటే."

మూడు శనివారాలు ఇదే గొడవ. ఇంజన్ల మనిషి మంచి ఇంజను వదలడు, సీట్ల మనిషి మంచి సీటు వదలడు. ఎవరికి ఏది బాగుచేయడం వచ్చో అది బాగున్న బండే వాళ్లకి ముద్దు. మేస్త్రి ముద్దుకి ఇంకో కారణం ఉంది గానీ, అది చెప్పలేక ఎర్ర రంగు త్వరగా వెలుస్తుందన్నాడు, ఎర్ర కార్లని ఎద్దులు పొడుస్తాయన్నాడు.

నాలుగో శనివారం ఆవిడే వచ్చింది. రెండు కార్లలోనూ చెరో నిమిషం కూర్చుంది. చీర కొంగుకి అంటుకున్న స్పాంజి పొట్టు దులుపుకుంటూ దిగింది.

"వెండిదానికి ఇంజను పని. చేసేవాడు మనింట్లో లేడు. ఎర్రదానికి సీట్ల పని. చేసేవాడు నా ఎదురుగా నిలబడి గోళ్లు చూసుకుంటున్నాడు. దీనికి మూడు వారాలు ఎందుకు పట్టిందయ్యా మీ ఇద్దరికీ?"

"అక్కా, నేనదే మొత్తుకుంటున్నా," అన్నాడు తమ్ముడు.

"నువ్వు మొత్తుకున్నది ఇంజను గురించిరా, ఊరుకో."

"కుట్టడం మానేశానని చెప్పాగదే," అన్నాడు మేస్త్రి.

"కూర్చుంటానన్నావు. చేతకాదనలేదు."

షాపువాడు, బావమరిది, పక్కన బేరమాడుకుంటున్న ఇద్దరు, అందరూ ఆయన వైపే చూశారు. ఉన్నదున్నట్టు చెప్పేస్తే అక్కడితో అయిపోయేది. కానీ గంతలు కట్టుకుని బస్సు సీట్లు కుట్టినవాడు నలుగురిలో ఆ మాట ఎలా అంటాడు?

"చేతకాదని ఎవడన్నాడు? నాలుగు రోజుల పని!" అన్నాడు. నోరు జారింది, ఎర్ర కారు ఇంటికొచ్చింది.

కాయితాల ఖర్చు పోగా మిగిలిన డబ్బుకి నల్ల తోలు వచ్చింది. సరిగ్గా రెండు సీట్లకే, పిసరు ఎక్కువ లేదు. తోలుతో ఉన్న చిక్కేమిటంటే అది గుడ్డలాంటిది కాదు. గుడ్డ మీద కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టొచ్చు. తోలు మీద సూది దిగిన చోట చిల్లు అలాగే ఉండిపోతుంది. విప్పినా అచ్చు పోదు. తప్పితే కొత్త తోలే కొనాలి, దానికి పైసా లేదు.

మేస్త్రి దుప్పటి తీసి, మిషనుకి నూనె పెట్టి, సీట్లు ఊడదీసి, తోలు బల్ల మీద పరిచాడు. అక్కడే ఆగిపోయాడు. ఒక రోజు, రెండు రోజులు. మూడో రోజు పొద్దున ఆవిడ కాఫీ తెచ్చేసరికి ఖాళీ మిషను ముందు కూర్చుని, బొటనవేలిని చొక్కా అంచుకేసి రుద్దుతున్నాడు.

"నాలుగు రోజుల పనన్నావు?"

"వేలు చచ్చిపోయిందే," అన్నాడు తల ఎత్తకుండా. "తోలు మీద పెడితే తోలని తెలీడంలేదు. సూది గుచ్చినా తెలీదు. పళ్ల డాక్టరు కారప్పుడే పోయింది. నీకు చెప్పలేదు."

"నువ్వు చెప్పాలా? కిందటేడు పొయ్యి మీది గిన్నె ఒట్టి చేత్తో దించావు. చూసి నేను అరిచాను, నువ్వు అరవలేదు."

మేస్త్రి తలెత్తి చూశాడు. "తెలిసి తెలిసి ఎర్రది కొనిపించావా?"

"వెండిది కొంటే, పొద్దస్తమానం ఆ కంపెనీ కుట్టు నిమురుకుంటూ కూర్చునేవాడివి. ఆ మొహం నేను చూడలేను." షెడ్డులోని సొరుగులన్నీ లాగి, పాత మేస్త్రుల కాలం నాటి డబ్బా ఒకటి దొరకబుచ్చుకుని, అందులోంచి సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టింది. "గీసుకో."

"నేనా? సుద్దతోనా? ఊళ్లోవాళ్లు..."

"ఊళ్లోవాళ్లు సీటు మీద కూర్చుంటారు గానీ సుద్ద మీద కాదు. కాఫీ చల్లారిపోతోంది."

మేస్త్రి షెడ్డు తలుపు వేసుకుని గీత గీశాడు. పని నేర్చుకునే రోజుల్లో వంగినట్టు మిషను మీదికి వంగి, వేలిని నమ్మకుండా కంటిని నమ్ముతూ, గంటకి జానెడు కుట్టాడు. మెడ పట్టేసింది. కానీ మిషను చప్పుడు మళ్లీ షెడ్డంతా నిండింది. ఆ చప్పుడులో వెనకటి రోజులు ఒక్కొక్కటీ వచ్చి కూర్చున్నాయి. రేడియో పాటకి తొక్కుడు కలిపి కుట్టిన మధ్యాహ్నాలు, పని అయ్యేదాకా గుమ్మంలో కూర్చుని కబుర్లాడిన లారీ డ్రైవర్లు, అన్నం క్యారేజీ పట్టుకొచ్చి, ఆయన తినేదాకా తోలు చుట్ట మీద కూర్చుని కాళ్లూపిన ఆవిడ. డ్రైవరు సీటు ఐదు రోజుల్లో అయింది. పళ్ల డాక్టరుగారిలాంటివాళ్లు కాదు, మేస్త్రే వెతికినా తప్పు దొరకలేదు.

పక్క సీటు చివరికొచ్చేసరికి ధైర్యం వచ్చేసింది. బయట బావమరిది ఇంజను స్టార్ట్ చేసి, "బావా, పాలు కాగుతున్నాయి!" అని కేకేశాడు. మేస్త్రి నవ్వుతూ అటు తిరిగాడు. ఆ రెండు క్షణాలూ వేలు పాత అలవాటు కొద్దీ తానే ముందు నడిచింది. తిరిగి చూసేసరికి సీటు నడిమధ్యన కుట్టు సుద్దగీతని వదిలేసి, తాగినవాడిలా బెత్తెడు దూరం పక్కదారి పట్టి, మళ్లీ వచ్చి గీతలో కలిసింది.

ఆయన సీట్లు రెండూ బిగించి, చేతులు తుడుచుకుని, ఆవిడని పిలిచాడు. బావమరిది కిటికీలోంచి తొంగి చూసి, "ఇదేంటి బావా, ఇక్కడ వాగేదో వంపు తిరిగిందే?" అన్నాడు. మామూలుగా అయితే దానికో కథ ఉండేది. కొత్త ఫ్యాషనని, విదేశాల్లో దీనికే ఎక్కువ ఇస్తారని.

"తప్పు కుట్టాను," అన్నాడు మేస్త్రి.

బావమరిది బానెట్ తుడవడానికి ముందుకెళ్లిపోయాడు.

ఆవిడ తలుపు తీసి, వంగి, కళ్లజోడు సర్దుకుని తీరిగ్గా చూసింది. "వంకరే," అంది.

"విప్పితే చిల్లులు మిగిలిపోతాయి. తోలు లేదు. ఏం చేయమంటావు?"

ఆవిడ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, తలుపు మీద ఇంకో చెయ్యి ఆనించి, ఆ పల్లపు సీటులోకి మెల్లగా దిగి కూర్చుంది. అటూ ఇటూ సర్దుకుని వెనక్కి వాలింది.

"ఇప్పుడు కనపడుతోందా?"

మేస్త్రి వంగి చూశాడు. "లేదు."

"నేను దిగితేనేగా నీకు కనపడేది. ఎంత దూరం తీసుకెళ్తావో ఇక నీ ఇష్టం."