మామయ్య మానేసిన టీ

అరవై ఎనిమిది ఏప్రిల్‌లో ఒక ఆదివారం, ఉదయం ఏడున్నరకు తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను. జేబులో మా మేనమామ ఏసురత్నం రాయించిన కార్డు ఉంది. "అమెరికాలో నల్లవారి నాయకుణ్ణి కాల్చి చంపారంట. మన పేటలో సభ పెడుతున్నాం. చదువుకున్నోడివి, ఆయన సంగతి నువ్వే చెప్పాలిరా."

వేమూరు దాటాక ఎదురు బల్ల మీది రైతు అడిగాడు. "మీరేవిట్లు బాబూ?" కులం ఆరా తీస్తున్నాడు. "మేష్టార్లమండి" అన్నాను.

తొమ్మిదికి రేపల్లె. టిఫిన్ చేసి బాపట్ల బస్సెక్కి, పదిన్నరకు మామయ్య ఊళ్లో దిగాను. అప్పటికే ఎండ మండిపోతోంది. పక్కనే టీకొట్టు. నేనెవరో తెలియక, నా ఇస్త్రీ చొక్కా చూసి కొట్టాయన "రండి బాబూ" అని బల్ల మీద కూర్చోబెట్టి, గాజుగ్లాసులో టీ ఇచ్చాడు. మా పేటవాళ్ల సత్తుగ్లాసులు ఎప్పటిలాగే బయట గుంజకు వేలాడుతున్నాయి. చూసి కూడా తాగేశాను.

ఇంతలో మామయ్య పరుగున వచ్చాడు. "ఓరి నీ అసాధ్యం కూలా! ఇక్కడ తాగావంట్రా? అందరితోపాటు గాజుగ్లాసు ఇచ్చేదాకా ముట్టమని పేటంతా నెల్రోజులుగా టీ మానేశాం!"

సిగ్గుతో చచ్చిపోయాను. బస్సుల్లో తమని వెనక సీట్లకి తోస్తున్నారని, ఆ నాయకుడి మాట మీద నల్లవాళ్లు ఏడాదిపాటు బస్సులు మానేసి నడిచారని చెప్పడానికి వచ్చినవాణ్ణి!

"రత్నం, ఈ బాబు నీకేమవుతాడు?" కొట్టాయన అడిగాడు.

"మా అక్క కొడుకు."

కొట్టాయన మొహం మాడిపోయింది. నా చేతిలోని గ్లాసు వంకే చూస్తున్నాడు. "గ్లాసేం పగల్లేదు బాబాయ్, చూసుకోండి" అని బల్ల మీద పెట్టాను.

నాలుగింటికి సభ. ముందు నా తప్పు ఒప్పుకుని, తర్వాత ఆ నడక కథంతా చెప్పాను. మామయ్య లేచాడు. "ఆళ్లు ఏడాది నడిచారంట. మనం నెలకే నీరుగారిపోతే ఎట్టా?"

ఆరుకి బస్సు కోసం వచ్చాం. కొట్టాయన గాజుగ్లాసులో టీ పోసి, గొంతు తగ్గించి అన్నాడు. "రత్నం, నీకొక్కడికే."

మామయ్య నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. ఆయనకు టీ అంటే ప్రాణం. అయినా చెయ్యి చాపలేదు. "నాకొక్కడికైతే వద్దండి. ఆ గుంజ మీదియ్యి తీసెయ్యండి, పేటంతా వస్తాం."

బస్సు కదిలింది. మామయ్య తల ఎత్తుకుని నిలబడే ఉన్నాడు. టీకి చాపని ఆ చెయ్యే ఒకప్పుడు నన్ను బళ్లో వేసింది. ఆయన మేనల్లుణ్ణని తెనాలి దాకా అందరికీ అరిచి చెప్పాలనిపించింది. తిరుగు రైల్లో పక్కాయన కూడా "ఏవిట్లు" అంటే, ఈసారి మా పేట పేరే చెప్పాను.

పదిహేను రోజులకు కార్డు వచ్చింది. "సత్తుగ్లాసులు తీసేశాడు. టీ ఉత్త నీళ్లురా. అయినా రెండు తాగా."