దీపాల వేళ లెక్కల క్లాసు

ఈ ఏడాది పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటికే ప్రొద్దుటూరు సందుల నిండా ఫ్లెక్సీలు వెలిశాయి. అన్నిట్లోనూ ఆడపిల్లల ఫొటోలే ఎక్కువ. ఆటో కోసం నిలబడి వాటిని చూస్తుంటే సంతోషం కలిగిన మాట నిజమే గాని, దాని వెనకాలే కాస్త కడుపుమంట కూడా కలిగింది. ఈ వయసులో దాచుకోవడమెందుకు!

మా కాలంలో ఎస్సెల్సీ చదివినవారికి తెలుసు, పాసు కావడం వేరు, కాలేజీలో కోరిన గ్రూపుకు అర్హత రావడం వేరు. లెక్కల్లో ఏ రకం తీసుకున్నామన్నదాంతోనే మా వైపు సగం సంగతి తేలిపోయేది. జనరల్ లెక్కలంటే వడ్డీలు, లాభనష్టాలు. కాంపోజిట్ అంటే ఆల్జీబ్రా, జామెట్రీ. సైన్సు గ్రూపు కావాలంటే ఆ రెండోదే చదవాలని మా లెక్కల అయ్యవారు క్లాసులో మరీమరీ చెప్పారు.

నాకు డాక్టరు కావాలని ఉండేది. మా అక్క తొలికాన్పు కష్టమై, ఎద్దులబండిలో జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి తీసుకుపోతే, అక్కడి డాక్టరమ్మ తల్లినీ బిడ్డనూ మాకు దక్కించింది. అప్పటినుంచీ నాకు వేరే ధ్యాస లేదు. అప్పట్లో మన రాజధాని కర్నూలు, నేను ఫోర్తు ఫారం, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి. చాపాడు దగ్గరి మా ఊరినుంచి హైస్కూలుకు జట్కాలో పోయి వచ్చేదాన్ని, అదీ వెనక పరదా కట్టిన జట్కాలో. ఆ గుడ్డ వెనక ఉక్కపోతలో కూర్చుని ప్రొద్దుటూరు ఎలా ఉంటుందో నేను చూసింది తక్కువ, విన్నది ఎక్కువ.

చిక్కల్లా ఏమిటంటే, ఉన్నది ఒక్క లెక్కల అయ్యవారే కాబట్టి కాంపోజిట్ క్లాసు ఆఖరి గంట కొట్టాక జరిగేది. అది ముగించుకుని ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఆగి తీసుకువస్తానని జట్కా తోలే సాయిబు మామ తనకు తానే అన్నాడు గాని, మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, ఒప్పుకోలేదు.

"దీపాలు పెట్టే యాళకు ఆడపిల్ల ఇంట్లో ఉండాల. కూడికలు తీసివేతలు వస్తే సాలదా మే? యాడికి పోయి ఏం లెక్కలు కడతావు?"

అన్నం మానేశాను, ఏడ్చాను, అమ్మ కొంగు పట్టుకుని తిరిగాను. అమ్మ అత్తగారి ముందు నోరెత్తేది కాదు. ఇక నాన్నతోనా? పెద్దమనిషైన ఆడపిల్ల మా ఇంట్లో తండ్రి ఎదుట నిలబడి మాట్లాడటమే లేదు. ఏం కావాలన్నా అవ్వ చెవిన వేయాలి, అవ్వకు తోస్తే ఆయనకు చేరుతుంది. గోడకు చెప్పుకున్నా ఒకటే. ఎస్సెల్సీ చదివిన ఆ తర్వాతి రెండేళ్లూ ఆఖరి గంట వినబడగానే మగపిల్లలు కాంపోజిట్ గదిలోకి పోతుంటే నేను పుస్తకాలు సర్దుకుని జట్కా ఎక్కేదాన్ని.

పరీక్షల్లో మంచి మార్కులే వచ్చాయి. అప్పటికి రాజధాని కూడా హైదరాబాదుకు పోయింది. మార్కులు చూసైనా కనికరిస్తారేమోనని కడపలో ఉండే మా మేనమామ నన్ను వెంటబెట్టుకుని కాలేజీకి పోయాడు. నాన్న కూడా వచ్చి వెనకాల నిలబడ్డాడు.

"పాప శానా బాగా సదువుతాది సార్, ఎట్లన్నా సూడండి" అని మామ బతిమాలాడు.

"జనరల్ లెక్కలోళ్లకు సైన్సు గ్రూపు లేదప్పా. ఆర్ట్స్‌లో చేర్పించండి" అన్నాడు గుమాస్తా. ఆయన తప్పేముంది, రూలు అది.

బయటికొచ్చాక, చీకటి పడుతుందని అవ్వ నన్ను కాంపోజిట్ క్లాసుకు పోనివ్వని సంగతంతా, అమ్మ తనతో చెప్పుకున్నది, మామ నాన్నకు చెప్పాడు. ఆయన చాలాసేపు కండువాతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. తర్వాత, ఎన్నేళ్లకో, నేరుగా నావైపు తిరిగాడు.

"నాతో ఒక్క మాట ఎందుకు చెప్పకపోతివమ్మా? దినామూ నేనే వచ్చి ఇస్కూలు కాడ కూచ్చోనుంటి గదా!"

 

ఆర్ట్స్ చదివాను, పంతులమ్మనయ్యాను, చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికాను, లోటేమీ లేదు. ఇప్పటి ఆడపిల్లలు తండ్రి భుజం మీద చెయ్యేసి మరీ అడుగుతారు, కాదంటే అలుగుతారు, మా ఈడువాళ్లు కొందరు దాన్ని పెంకితనమంటారు. నేను మాత్రం అననండీ. మా ఇంట్లో సరేననే మనిషి ఉన్నాడని నాకు తెలిసేసరికి, ఆయన్ను అడగడానికి ఏమీ మిగల్లేదు.