మూడో బూత్ టైలరక్క

టైలరక్క కుట్టుమిషను పక్కనే ఓటర్ల జాబితా ఉంటుంది. మూడో బూత్‌లో ఉన్న తొమ్మిది వందల పన్నెండు మందిలో సగం మంది కొలతలు ఆమెకు టేపు పట్టకుండానే తెలుసు. ఎవరు ఎటు మొగ్గుతారో కూడా తెలుసు. భర్త బస్సు డ్రైవరు. ఆయన పేరు పక్కన మాత్రం పాతికేళ్లుగా ఇంటూ గుర్తే. "ఆయనది అవతలి పార్టీ. చెప్పి చూశాను, మొండిఘటం" అని నవ్వేస్తుంది.

ఆమె పార్టీ వరసగా రెండుసార్లు ఓడింది. పెద్ద నాయకులు ఒక్కొక్కరే మొహం చాటేశారు. ఆఫీసు గది తాళంచెవి మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. శాసనసభ ఎన్నికలు ఇంకా మూడు నెలలున్నాయనగా, ఆ గదికి రాజధాని నుంచి పార్టీ పరిశీలకుడు వచ్చాడు.

"సర్వే చూశాం. ఇక్కడ మనకు ఆశ లేదు. ఈ సీటు మిత్రపక్షానికి వదిలేద్దామనుకుంటున్నారు" అన్నాడు.

గదిలో ఉన్న పదిమందీ తలలు దించుకున్నారు. టైలరక్క లేచి నిలబడింది.

"సర్వేవాళ్లు మా వీధికి ఎప్పుడొచ్చారు సార్?"

"ఫోన్లో అడిగారమ్మా."

"ఫోన్లో అడిగితే నేనూ 'ఏమో' అనే అంటాను. ఒక్క పూట నాతో నడవండి. ఆ తర్వాత వదిలేసుకుందురుగాని."

కాదనలేక బయల్దేరాడు. మొదటి మలుపులో బేకరీ యజమాని చేతులు దులుపుకుంటూ బయటికొచ్చాడు. "పోయినసారి అవతలి పార్టీవాళ్లకే వేశామక్కా. గెలిచాక ఒక్కసారి ఈ గుమ్మం తొక్కితే ఒట్టు!" తర్వాత ఏడిళ్లలోనూ అదే మాట. పరిశీలకుడి నడకలో హుషారు వచ్చింది.

కాలవగట్టు వీధిలో ఒక నర్సు తలుపు తీసింది. వాళ్లను చూడగానే ఆమె మొహం మాడిపోయింది.

"మీ ఎమ్మెల్యే ఉన్నప్పుడు వంతెన కట్టిస్తానన్నాడు. మొన్న వానల్లో మా అమ్మను నడుంలోతు నీళ్లలో ఆసుపత్రికి మోసుకెళ్లాం. మళ్లీ ఏ మొహం పెట్టుకుని వచ్చారు?"

"అది నిధుల సమస్యమ్మా..." అని పరిశీలకుడు మొదలుపెట్టాడు.

"మీరాగండి సార్" అంది టైలరక్క. నర్సు వైపు తిరిగి, "తప్పు మాదేనమ్మా. అప్పుడు నేను కూడా గట్టిగా నిలదీయలేదు. ఈసారి వంతెన సంగతి కాగితం మీద రాసివ్వకపోతే మా అభ్యర్థిని ఈ వీధిలో అడుగు పెట్టనివ్వను" అంది.

"చూద్దాం" అంది నర్సు. మాట ఇవ్వలేదు. కానీ తలుపు వేసుకోలేదు.

వీధి చివర టైలరక్క జాబితా తీసి ఆ ఇంటి పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.

"ఇదీ రాస్తారా?"

"ముందు రాయాల్సింది ఇదే సార్. బేకరీ ఆయన ఓటు ఎలాగూ పడుతుంది."

రెండు వారాల్లో కబురొచ్చింది. సీటు వదులుకోవడం లేదు. చాలాకాలంగా పార్టీలోనే ఉన్న ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్‌కు టికెట్ ఇచ్చారు. ఆవిడ సంతకం పెట్టిన మొదటి హామీపత్రం కాలవగట్టు వీధికే వెళ్లింది. మిగతా బూత్‌ల నుంచి ఆడవాళ్లు జాబితా చూసుకోవడం నేర్చుకోడానికి టైలరక్క దుకాణానికి రావడం మొదలుపెట్టారు.

ఒకరోజు పరిశీలకుడు ఫోన్ చేశాడు. "మెజారిటీ ఎంత రావచ్చమ్మా?"

"మా బూత్‌లో నూట యాభై. కాలవగట్టు వీధి కూడా కలిసొస్తే రెండొందలు."

"మొత్తం నియోజకవర్గంలో?"

"గెలుస్తాం సార్. ఎంతతో గెలుస్తామో మాత్రం ఆయా వీధుల్లో తిరిగేవాళ్లనే అడగండి. ఉంటాను, స్కూలు యూనిఫాంలు ఇంకా పాతిక కుట్టాలి" అని ఆమె మిషను ముందు కూర్చుంది.