ఒకే ఇంటి బటన్

2023 వానాకాలం. మా ఆఫీసు గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పై అంతస్తులో ఉండేది. వేరేవాళ్లు రాసి వదిలేసిన సాఫ్ట్‌వేర్‌లను బాగుచేయడం మా పని. భవానీపురంలోని ఒక కాన్పుల ఆసుపత్రి ప్రోగ్రామ్ కూడా అలాగే నా నెత్తిన పడింది.

ఒకరోజు పొద్దున్నే అక్కడి హెడ్ నర్సు మేరీ గారు ఫోన్ చేశారు.

"మీరు వెంటనే రావాలండీ. మీ కంప్యూటర్ని నమ్మితే ఇవాళ ఒక ప్రాణం పోయేది."

"అది నేను రాసింది కాదండీ" అన్నాను.

"ఎవరు రాస్తే ఏంటండీ? సూది వేసేది నేను కదా!"

వెంటనే బండి తీశాను.

జరిగింది ఇది. పామర్రు నుంచి ఇద్దరు తోడికోడళ్లు అక్కడే చూపించుకుంటున్నారు. పెద్దామె సుజాతకు పెన్సిలిన్ పడదు. మొదటిసారి వచ్చినప్పుడే ఆ సంగతి ఎక్కించారు. తీరా కాన్పు రోజున తెర మీద ఆమె పేరు కింద "అలర్జీలు లేవు" అని ఉంది. ఆ మందు సూదే చేత్తో పట్టుకుని మేరీ గారు అలవాటు కొద్దీ అడిగారు, "ఏ మందైనా పడదామ్మా?" అని. నొప్పుల్లో సుజాత పలకలేదు. పక్కనున్న చిన్నకోడలు లత కేకపెట్టింది. "అయ్యో, ఆగండి! మా అక్కకి పెన్సిలిన్ పడదండీ!"

అది విని నేరుగా రిసెప్షన్‌కి నడిచాను.

అక్కడ అడిగితే గుట్టు తేలింది. మనవైపు ఒకే ఇంటి ఆడవాళ్లు కలిసి వస్తారు. ఇంటిపేరు, ఊరు మళ్లీ కొట్టే పని లేకుండా "ఒకే ఇల్లు" అని ఒక బటన్ పెట్టారు. అది నొక్కితే మొదటావిడ వివరాలు రెండో ఆవిడకు కాపీ అవుతాయి. తేడా ఉన్నవి మార్చుకోవచ్చు. లత పేరు రాసేటప్పుడు అలర్జీని "లేవు" అని మార్చారు. అక్కడే కొంప మునిగింది.

జావాస్క్రిప్ట్‌లో ఒక మనిషి వివరాలన్నీ ఆబ్జెక్ట్ అనే పెట్టెలో ఉంటాయి. పేరు, వయసు పై పెట్టెలోనే ఉంటాయి. అలర్జీలు లోపల ఇంకో పెట్టెలో ఉంటాయి. ఆ బటన్ వెనక ఉన్నది స్ప్రెడ్ అనే మూడు చుక్కల పద్ధతి. అది పై పెట్టెను మాత్రమే కొత్తగా చేస్తుంది. లోపలి పెట్టె ఇద్దరికీ ఒకటే. లత పేరు మారిస్తే సుజాత పేరు మారలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అలర్జీ మారిస్తే మాత్రం ఇద్దరికీ మారింది, ఇద్దరి రికార్డులూ కలిసే సేవ్ అయ్యాయి.

లోపలి పెట్టెలతో సహా కాపీ చేసే స్ట్రక్చర్డ్ క్లోన్ పెట్టడం ఎంతసేపు? కానీ నా మనసు ఒప్పలేదు. అలర్జీ అసలు కాపీ ఎందుకు కావాలి? దాన్ని తీసేశాను. అసలు లేని పెట్టెను చదవబోతే ప్రోగ్రామ్ ఆగిపోకుండా ఆప్షనల్ చైనింగ్ అనే ప్రశ్నార్థకం, చుక్క పెడతారు. పాతవాళ్లూ పెట్టారు, కాకపోతే ఏమీ దొరక్కపోతే "లేవు" అని చూపించారు. నేను ఎర్రటి అక్షరాల్లో "అడగలేదు" అని చూపించాను. ఆ బటన్‌తో ఎక్కించిన పాత పేర్లకీ, వాటికి మూలమైన మొదటావిడల పేర్లకీ అదే పెట్టాను.

సాయంత్రం వెళ్లేముందు వార్డులోకి తొంగిచూశాను. పాపను ఒళ్లో పెట్టుకుని సుజాత కూర్చుంది. జరిగింది చెబితే నవ్వింది. "ఇల్లొకటైతే మాత్రం ఒంట్లోవి కూడా ఒకటవుతాయా అండీ?" అంది.

ఆ తర్వాత ఏ ప్రోగ్రామ్‌లో కాపీ కనబడినా, ఏది ఇంటిది, ఏది మనిషిది అని చూసుకునే ముట్టుకుంటున్నాను.

సుజాతను తోడు తెచ్చుకుని లత కాన్పుకి వచ్చిన రోజున, ప్రోగ్రామ్ పని మీద నేనూ అక్కడే ఉన్నాను. తెర మీద ఆమె అలర్జీల వివరం సరిగ్గానే ఉంది. అయినా మేరీ గారు సూది పట్టుకుని మళ్లీ అడిగారు.

"ఇప్పుడు బాగుచేశాను కదండీ, ఇంకా అడుగుతారా?" అన్నాను.

"ఎవరు రాసినా అడుగుతానండీ" అన్నారు ఆవిడ.

ఈసారి జవాబు సుజాత చెప్పింది.